క్వాంటమ్ వ్యాలీ వస్తే బాలానగర్ వర్క్‌షాపుకి పనేమైనా దొరుకుతుందా?

ప్రశ్న: "మాది బాలానగర్‌లో చిన్న యూనిట్. మూడు వీఎంసీలు (కంప్యూటర్ నడిపే నిలువు మిల్లింగ్ మెషిన్లు), రెండు సీఎన్‌సీ టర్నింగ్ సెంటర్లు, ఒక ఆర్గాన్ వెల్డింగ్ సెట్టు ఉన్నాయి. డిఫెన్స్, ఏరోస్పేస్ కంపెనీలకి సబ్‌కాంట్రాక్టు మీద పార్టులు చేస్తాం. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అని, క్వాంటమ్ కంప్యూటర్లు పెట్టే కేంద్రం వస్తోందని ఒకటే హడావుడి. మాలాంటి వాళ్లకి అందులో నిజంగా పని ఉంటుందా? ఉంటే ఏ పార్టులు? కొత్తగా ఏం నేర్చుకోవాలి?"

ముందు ఒక ఆశ వదులుకోండి. అమరావతికి వచ్చే ఐబీఎం మెషిన్‌లో మీ పార్టు ఒక్కటి కూడా ఉండదు. 2025 మేలో ప్రకటించినదాని ప్రకారం అక్కడ పెట్టేది ఐబీఎం క్వాంటమ్ సిస్టమ్ టూ. లోపల ఉండేది 156 క్యూబిట్ల (క్వాంటమ్ కంప్యూటర్ లెక్కలు చేసే మూల యూనిట్లు) హెరాన్ ప్రాసెసర్, భాగస్వామి టీసీఎస్. జపాన్‌లోని కోబేలో, స్పెయిన్‌లోని సాన్ సెబాస్టియన్‌లో నిలబెట్టిందీ ఈ రకమే. ఐబీఎం తన డిజైన్‌తో, తనకు అలవాటైన సప్లయర్లతో చేయించి తెచ్చి నిలబెట్టే సరుకు అది. స్థానికంగా ఒక బ్రాకెట్ చేయించి బిగించుకునే పద్ధతి అందులో ఉండదు.

అయినా మీ ప్రశ్నకి జవాబు "ఉంటుంది" అనే. కాకపోతే ఆ పని అమరావతి గేటు దగ్గర దొరకదు, ల్యాబుల్లో, స్టార్టప్‌లలో దొరుకుతుంది. 2023 ఏప్రిల్ 19న కేంద్ర మంత్రివర్గం జాతీయ క్వాంటమ్ మిషన్‌కి 6,003.65 కోట్ల రూపాయలు ఆమోదించింది. గడువు 2030-31 వరకు. ఎనిమిదేళ్లలో 50 నుంచి 1000 క్యూబిట్ల స్థాయి మెషిన్లు ఇక్కడే చేయాలన్నది లక్ష్యాల్లో ఒకటి. పనిని నాలుగు కేంద్రాలకి పంచారు: కంప్యూటింగ్ బెంగళూరు ఐఐఎస్సీకి, కమ్యూనికేషన్ ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్‌తో కలిపి ఐఐటీ మద్రాసుకి, సెన్సింగ్ ఐఐటీ బొంబాయికి, మెటీరియల్స్, డివైసులు ఐఐటీ ఢిల్లీకి. ముంబై పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ వాళ్లు డీఆర్‌డీఓ పుణె ల్యాబుతో, టీసీఎస్‌తో కలిసి 6 క్యూబిట్ల ప్రాసెసర్ నడిపి చూపించారు. బెంగళూరు కంపెనీ క్యూపైఏఐ 2025లో 25 క్యూబిట్ల మెషిన్ ప్రకటించింది. మిషన్ కింద మొదటి విడతలో ఎంపికైన ఎనిమిది స్టార్టప్‌లలో డిమిరా క్రయోజెనిక్ కేబుళ్ల మీద, క్వానాస్ట్రా క్రయోజెనిక్స్, సూపర్‌కండక్టింగ్ డిటెక్టర్ల మీద, క్వాన్‌టూడీ సింగిల్ ఫోటాన్ డిటెక్టర్ల మీద పనిచేస్తున్నాయి. మీ కస్టమర్లు వీళ్లూ, వీళ్లలాంటి వాళ్లూ. ఒక్కో ల్యాబులో క్వాంటమ్ చిప్పుని చల్లబరిచే ఫ్రిజ్ ఒక్కోటి ఉంటుంది, ఫ్రిజ్ లోపల ప్రతి ప్రయోగానికీ కొత్త బ్రాకెట్, కొత్త శాంపిల్ బాక్స్, కొత్త షీల్డ్ కావాలి. అన్నీ రెండేసి, నాలుగేసి పీసులే. వెయ్యి పీసుల ఆర్డర్ కోసం చూసే యూనిట్‌కి ఇది గిట్టదు. డిఫెన్స్ డెవలప్‌మెంట్ పార్టులు చేసినవాళ్లకి మాత్రం ఈ తరహా అలవాటే.

హైదరాబాద్‌కి క్వాంటమ్ వాసన కొత్తది కాదని కూడా చెప్పాలి. 2020 డిసెంబర్‌లో ఇక్కడి డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ ల్యాబుల మధ్య డీఆర్‌డీఓ క్వాంటమ్ కీ పంపిణీ (రహస్య సందేశాల తాళాన్ని కాంతి కణాల మీద పంపడం) చేసి చూపించింది. ఫైబర్ మీద 12 కిలోమీటర్ల దూరానికీ, 10 డెసిబెల్ నష్టానికీ దాన్ని పరీక్షించారు. ఆ తరహా సిస్టమ్‌లో మెకానికల్ పని తక్కువే: ఉష్ణోగ్రత నిలకడగా ఉండే ఆప్టికల్ బాక్సులు, డిటెక్టర్ హౌసింగులు, ర్యాకు షాసీలు. మీ షాపులో ఈరోజే చేయగలరు, అందుకే పోటీ కూడా ఎక్కువ. నిజంగా తేడా చూపించగలిగింది చల్లటి సరుకులో. అందుకే మిగతాదంతా దాని గురించే రాస్తాను.

ఎందుకంత చలి? సూపర్‌కండక్టింగ్ క్యూబిట్ సుమారు 5 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. ఆ శక్తిని ఉష్ణోగ్రతగా లెక్కేస్తే 0.24 కెల్విన్. చుట్టూ ఉన్న వేడి అంతకంటే చాలా తక్కువ ఉంటేనే క్యూబిట్ తన కింది స్థితిలో నిలుస్తుంది. అందుకే చిప్పుని 10, 20 మిల్లీకెల్విన్ దగ్గర పెడతారు. ఇస్రోకి క్రయో ఇంజన్ పార్టులు చేసినవాళ్లు "మాకు క్రయో తెలుసు" అనుకుంటారు. అక్కడ ద్రవ హైడ్రోజన్ 20 కెల్విన్ దగ్గర ఉంటుంది. ఇది దానికంటే వెయ్యి రెట్లు కింద. లీక్ టెస్టింగ్, మెటీరియల్ సర్టిఫికెట్ల క్రమశిక్షణ అక్కడిదే పనికొస్తుంది, లోహాల ప్రవర్తన మాత్రం మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి.

డైల్యూషన్ ఫ్రిజ్ అంటే పైనుంచి కిందికి వేలాడే అంతస్తులు. పైన 50 కెల్విన్ ప్లేటు, తర్వాత 4 కెల్విన్, తర్వాత స్టిల్ అనే ప్లేటు ఒక కెల్విన్‌కి కాస్త కింద, ఆ కింద 100 మిల్లీకెల్విన్ దరిదాపుల్లో కోల్డ్ ప్లేటు, అట్టడుగున మిక్సింగ్ చాంబర్ ప్లేటు. పై రెండింటినీ పల్స్ ట్యూబ్ కూలర్ చల్లబరుస్తుంది. కిందివాటిని హీలియం-3, హీలియం-4 మిశ్రమం చల్లబరుస్తుంది. చాలా అంతస్తులకి వాటిని కప్పే డబ్బాలుంటాయి, అన్నిటికీ బయట వాక్యూమ్ డబ్బా. ప్లేట్లు, షీల్డ్ డబ్బాలు, బ్రాకెట్లు, శాంపిల్ హోల్డర్లు మీ పని. హీట్ ఎక్స్ఛేంజర్ జోలికి, పల్స్ ట్యూబ్ జోలికి పోకండి. అవి దశాబ్దాల తరబడి చేతిలో పండిన విద్యలు.

ఇక కాపర్. ప్లేట్లకి ఓఎఫ్‌హెచ్‌సీ (ఆక్సిజన్ లేని) కాపర్ సీ10100 గ్రేడ్ అడుగుతారు, 99.99 శాతం శుద్ధి. మార్కెట్లో "ఎలక్ట్రోలైటిక్" అని బస్‌బార్‌కి అమ్మే ఈటీపీ కాపర్ చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, ధర తక్కువ. మీరు వేసింది ఏదో కస్టమర్‌కి చలిలో తెలుస్తుంది. గది ఉష్ణోగ్రత దగ్గరి విద్యుత్ నిరోధాన్ని 4 కెల్విన్ దగ్గరి నిరోధంతో భాగిస్తే వచ్చే అంకెను ఆర్ఆర్ఆర్ అంటారు. మంచి కాపర్‌కి అది 100 దాకా, అనీల్ చేస్తే (వేడిచేసి మెత్తబరిస్తే) ఇంకా పైకి పోతుంది. మలినాలున్నా, మెషినింగ్‌లో గట్టిపడినా పడిపోతుంది. అంకె పడిపోతే ఆ ప్లేటు వేడిని సరిగ్గా లాగదు. అందుకని మెటీరియల్‌ని మిల్లు టెస్ట్ సర్టిఫికెట్‌తోనే కొనండి, తుక్కు ముక్కలు కూడా హీట్ నంబర్ (మిల్లులో కరిగించిన బ్యాచ్ నంబర్) గుద్ది విడిగా పెట్టండి. సులువుగా కోసుకునే టెల్లూరియం కాపర్ వేద్దామనిపిస్తుంది. స్క్రూలకైతే సరే, ప్లేట్లకి వద్దు.

ఓఎఫ్‌హెచ్‌సీ మెత్తగా జిగురుగా ఉంటుంది, టూలు అంచుకి అంటుకుపోతుంది. కోటింగ్ లేని, పాలిష్ చేసిన పదునైన కార్బైడ్ వాడండి, కూలెంట్ ధారగా పోయండి, అరిగిన ఇన్‌సర్ట్‌తో ఇంకో రెండు పాసులు లాగే అలవాటు మానండి. ఐదారు వందల మిల్లీమీటర్ల ప్లేటు మీద వందల కొద్దీ ఎం3, ఎం4 కన్నాలుంటాయి. ఆఖరి పది కన్నాల్లో ఒక ట్యాపు విరిగితే ప్లేటు మొత్తం పోయినట్టే, కాబట్టి ట్యాపు మార్చే లెక్క ముందే పెట్టుకోండి. అనీల్ చేయమని అడిగితే ముందు రఫ్ మెషినింగ్, తర్వాత వాక్యూమ్‌లో అనీలింగ్, ఆ తర్వాత ఫైనల్ కటింగ్. తిరగేసి చేస్తే ప్లేటు వంగుతుంది. అనీల్ అయిన కాపర్‌లో థ్రెడ్లు నాలుగైదు సార్లు బిగించి విప్పితే చాలు, ఊడిపోతాయి. తరచూ విప్పే చోట వైర్ ఇన్‌సర్ట్ వేయాలి, అది కూడా మామూలు స్టీలుది కాదు, ఫాస్ఫర్ బ్రాంజ్‌ది.

ఒక సంగతి చాలామంది డిజైనర్లకే తెలియదు. ఇంత చలిలో రెండు లోహాలు ఆనుకున్న చోట వేడి ఎంత దాటుతుందన్నది ఎంత వైశాల్యం ఆనింది అన్నదాన్ని బట్టి కాదు, ఎంత బలంగా నొక్కామన్నదాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి పెద్ద ఫేసు మొత్తం లాపింగ్ (అద్దంలా నున్నగా రుద్దడం) చేయమని డ్రాయింగ్‌లో ఉంటే ఒకసారి ఫోన్ చేసి అడగండి: బోల్టుల చుట్టూ మాత్రం చిన్న ఎత్తు వదిలి, మిగతాది కాస్త కిందికి కోస్తే చాలా? తొంభై శాతం "చాలు" అంటారు. మీకు గంటలు మిగులుతాయి, వాళ్లకి కూలింగ్ మెరుగవుతుంది.

పార్టులు ఎక్కువగా వెనక్కి వచ్చేది బంగారు ప్లేటింగు దగ్గరే. కాపర్ నల్లబడకుండా, కాంటాక్టు బాగుండేలా ఒకటి రెండు మైక్రాన్ల బంగారం వేస్తారు. ప్లేటింగు షాపులకి అలవాటైన పద్ధతి ఏమిటంటే కింద నికెల్ పొర, పైన బంగారం. నికెల్ అయస్కాంత లోహం, క్యూబిట్ పక్కన ఉండకూడదు. అలాగే కనెక్టర్లకి వేసే గట్టి బంగారంలో కొంచెం కోబాల్ట్ కలుపుతారు, అదీ అయస్కాంతమే. కాబట్టి వర్క్ ఆర్డర్ మీద పెద్దక్షరాలతో రాయండి: నికెల్ లేకుండా నేరుగా కాపర్ మీద, మెత్తటి శుద్ధ బంగారం. నికెల్ లేకపోతే బంగారం మెల్లగా కాపర్‌లోకి ఇంకుతుంది. అందుకని పొర మరీ పలచన కానివ్వకండి, ప్లేటింగు తర్వాత పార్టుని వేడిచేసి ఆరబెట్టనివ్వకండి. సరుకు వచ్చాక ఎక్స్ఆర్ఎఫ్ (ఎక్స్-రేతో పొరని కొలిచే మెషిన్) మీద రెండు మూడు చోట్ల కొలిపించండి. మందం తెలుస్తుంది, కింద నికెల్ దాక్కుని ఉంటే అదీ బయటపడుతుంది. ప్లేటర్ మాట మీద నమ్మకం ఉంచి ఈ పరీక్ష ఎగ్గొట్టకండి. అదే ట్యాంకుల వరుసలో రోజంతా నికెల్ పని నడుస్తుంటుంది, కుర్రాడు అలవాటు కొద్దీ ముంచేస్తాడు.

స్క్రూలు చిన్న సంగతిలా కనిపిస్తాయి కానీ కావు. గది ఉష్ణోగ్రత నుంచి 4 కెల్విన్‌కి వచ్చేసరికి కాపర్ సుమారు 0.32 శాతం కుంచించుకుంటుంది, 304 స్టెయిన్‌లెస్ 0.30, ఇత్తడి 0.38, అల్యూమినియం 0.41, టైటానియం 0.15. టెఫ్లాన్ అయితే రెండు శాతం దాటుతుంది. కాపర్ ముక్కల్ని ఇత్తడి స్క్రూతో బిగిస్తే చలికి స్క్రూ ఎక్కువ కుంచించుకుని ఇంకా బిగుస్తుంది. స్టెయిన్‌లెస్‌తో కొంచెం వదులవుతుంది. టైటానియంతో వాషర్ ఏర్పాటు లేకుండా బిగిస్తే పట్టు బాగా తగ్గిపోతుంది. స్టీలు తప్పదంటే గిన్నె ఆకారపు డిస్క్ స్ప్రింగ్ వాషర్లు వేయాలి. అదీగాక మామూలు 304 స్క్రూ చల్లగా సాగదీసి చేసింది, దానికి కొద్దిగా అయస్కాంత గుణం వస్తుంది. మాగ్నెట్ దగ్గరపెట్టి చూడండి, అంటుకుంటే క్యూబిట్ అంతస్తుకి పనికిరాదు. శాంపిల్ దగ్గర ఇత్తడి, సిలికాన్ బ్రాంజ్ లేదా బెరీలియం కాపర్.

బ్లైండ్ హోల్‌లో మామూలు స్క్రూ బిగిస్తే అడుగున గాలి చిక్కుకుంటుంది. వాక్యూమ్ పంపు నడుస్తుంటే అది థ్రెడ్ల సందుల్లోంచి రోజుల తరబడి మెల్లగా బయటికి వస్తూ ఉంటుంది. బయట హీలియం ఎంత కొట్టినా లీక్ దొరకదు, వాక్యూమ్ మాత్రం దిగదు. దీన్నే వర్చువల్ లీక్ అంటారు. సాధ్యమైన చోటల్లా కన్నాన్ని ఆరపార చేయండి. కుదరకపోతే స్క్రూ మధ్యలో సన్నటి కన్నమో, పక్కన గాడో వేసి ఇవ్వండి. డ్రాయింగ్‌లో లేకపోయినా ఈ మాట మీరే ఎత్తితే పని తెలిసినవాళ్లన్న గురి కుదురుతుంది.

వాక్యూమ్ డబ్బాల వెల్డింగ్‌కీ ఇదే సూత్రం. పూర్తి సీమ్ వాక్యూమ్ వైపు, అంటే లోపలి వైపు రావాలి. బలం కోసం బయట కూడా వెల్డ్ కావాలంటే ముక్కలు ముక్కలుగా వేయాలి, పూర్తిగా మూయకూడదు. రెండువైపులా నిండు సీమ్ వేస్తే మధ్యలో గాలి బందీ అయిపోతుంది, పైగా లోపలి సీమ్‌లో లీకుంటే ఎక్కడుందో ఎన్నటికీ పట్టుకోలేరు. స్టెయిన్‌లెస్‌లో 316ఎల్ మేలు, 304 వెల్డ్ దగ్గర ఫెరైట్ ఏర్పడి అయస్కాంత గుణం వస్తుంది. ఓరింగ్ (రబ్బరు సీల్ రింగ్) గాడిలో ఫినిష్ ఆర్ఏ (గరుకుతనం) 0.8 మైక్రాన్లు లేదా అంతకంటే మెరుగ్గా ఉండాలి. అంకె కంటే దిశ ముఖ్యం: టూలు గీతలు గాడి వెంట గుండ్రంగా పోవాలి, అడ్డంగా ఒక్క గీత ఉన్నా అదే లీక్ దారి. ఎమరీ పేపర్‌తో అడ్డంగా రుద్ది "ఫినిషింగ్ ఇచ్చాం సార్" అనే ఘట్టం దాదాపు ప్రతి కొత్త యూనిట్‌లోనూ జరుగుతుంది.

లీక్ టెస్ట్ హీలియం మాస్ స్పెక్ట్రోమీటర్ మీద. సాధారణంగా సెకనుకి 10⁻⁹ మిల్లీబార్-లీటర్ కంటే తక్కువ అడుగుతారు. హీలియం పైకి తేలుతుంది కాబట్టి స్ప్రే పైనుంచి మొదలుపెట్టి కిందికి రండి. కిందనుంచి మొదలుపెడితే పైనున్న లీక్ కింద ఉన్నట్టు మోసం చేస్తుంది. ఒకే ఓరింగ్ దగ్గర నిమిషాల తరబడి కొడితే రబ్బరులోంచే హీలియం దిగి రీడింగ్ పెరుగుతుంది, దాన్ని లీక్ అని విప్పేయకండి. గది ఉష్ణోగ్రతలో పాసైన జాయింటు చలిలో ఫెయిల్ కావచ్చు. చల్లటి వైపు వెళ్లే ప్రతి బ్రేజింగునీ, వెల్డునీ ద్రవ నైట్రోజన్‌లో ముంచి, బయటికి తీసి పూర్తిగా వేడెక్కనిచ్చి, మళ్లీ ముంచి, మూడు సార్లయ్యాక లీక్ టెస్ట్ చేయండి. నైట్రోజన్ 77 కెల్విన్‌దే అయినా కుంచింపులో ఎక్కువ భాగం అక్కడికే అయిపోతుంది. మూసిన గదిలో ఈ పని చేయొద్దు, ఆవిరైన నైట్రోజన్ ఆక్సిజన్‌ని తోసేస్తుంది, మనిషికి తెలియకుండానే స్పృహ పోతుంది. మెషిన్ కొనే తొందర వద్దు. న్యూక్లియర్, స్పేస్ పనులు చేసే యూనిట్లలో లీక్ డిటెక్టర్లు ఉంటాయి, మొదటి ఏడాది పూట లెక్కన బయట చేయించండి.

షీల్డ్ డబ్బాలకి 50, 4 కెల్విన్ అంతస్తుల్లో అల్యూమినియం వాడతారు. బలం కోసం 6061 వేయబుద్ధవుతుంది. వేడి లాగడంలో మాత్రం మెత్తటి శుద్ధ రకం, 1100 లాంటిది, చలిలో చాలా ముందుంటుంది. కస్టమర్ ఏది రాశాడో అదే వేయండి, "దానికంటే మంచిదే వేశాం" అనకండి. అల్యూమినియం 1.2 కెల్విన్ కింద సూపర్‌కండక్టర్ అయిపోతుంది. అప్పుడు వేడిని లాగడం దాదాపు మానేస్తుంది, కానీ అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకుంటుంది. అందుకే అడుగు అంతస్తులో అది మాగ్నెటిక్ షీల్డ్‌గా వస్తుంది, ఉష్ణ వాహకంగా రాదు. మ్యూ-మెటల్ (అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకునే నికెల్-ఇనుము మిశ్రమం) డబ్బాల ఆర్డర్ వస్తే వంచడం, వెల్డింగ్ అన్నీ అయ్యాక హైడ్రోజన్ ఫర్నేసులో 1100 డిగ్రీల పైన అనీలింగ్ తప్పదు. ఆ తర్వాత కింద పడినా, సుత్తితో సర్దినా ఆ గుణం పోతుంది. కాబట్టి ఫిట్టింగు చూసుకోవడం అంతా అనీలింగ్‌కి ముందే.

క్లీనింగ్: సల్ఫర్, సిలికాన్ లేని కూలెంట్, అల్ట్రాసానిక్‌లో డిటర్జెంట్, డీఅయనైజ్డ్ నీళ్లు, ఆసిటోన్, ఐసోప్రొపనాల్, నైట్రైల్ గ్లవుజులు, సీల్ చేసిన కవరు. ఇందులో దాచిన కిటుకులేమీ లేవు, గ్లవుజుల్లేకుండా ముట్టుకోకుండా ఉండటమే కష్టం. ఒక హెచ్చరిక మాత్రం: అయాన్ ట్రాప్ (విద్యుత్ క్షేత్రంతో అయాన్లని పట్టి ఉంచే), చల్లటి పరమాణువుల ల్యాబులకి చేసే చాంబర్లు వేరే లోకం. అక్కడ 10⁻¹¹ మిల్లీబార్ వాక్యూమ్ కోసం మొత్తాన్ని వేడిచేసి కాలుస్తారు. ఇత్తడిలోని జింకు ఆవిరై లోపలంతా పట్టేస్తుంది, కాబట్టి అక్కడ ఇత్తడి పూర్తిగా నిషేధం. ఫ్రిజ్‌కి మంచిదైన స్క్రూ అక్కడ ప్రయోగాన్నే పాడుచేస్తుంది. ఏ ల్యాబుకి చేస్తున్నారో అడగకుండా కొటేషన్ ఇవ్వకండి.

మైక్రోవేవ్ వైపు మీరు వెళ్లాల్సిన అవసరం లేదు, కానీ పెట్టెలు చేసేది మీరే కనుక కొంచెం తెలియాలి. పైనుంచి క్యూబిట్‌కి దిగే ప్రతి సన్నటి కేబుల్‌కీ దారిలో అటెన్యుయేటర్లు (సిగ్నల్‌ని తగ్గించే ముక్కలు) బిగిస్తారు, 4 కెల్విన్ దగ్గర 20 డెసిబెల్, మధ్యలో కొంత, అడుగున మరో 20, మొత్తం 60 దాకా. గది వేడి వల్ల పుట్టే విద్యుత్ నాయిస్ చిప్పుకి చేరకుండా ఆపడానికి. ఇవన్నీ ఎస్ఎంఏ తరహా, మరతో బిగించే చిన్న కనెక్టర్లతో పక్కపక్కనే కిక్కిరిసి ఉంటాయి. స్పానర్ తిరగడానికి చోటు లేకుండా బ్రాకెట్ చేస్తే అసెంబ్లీ చేసేవాడు మిమ్మల్ని ఏడాది పొడవునా తిట్టుకుంటాడు. ఇత్తడి ఎస్ఎంఏకి బిగింపు 0.56 న్యూటన్-మీటర్, స్టెయిన్‌లెస్‌కి ఒకటి దరిదాపు. టార్క్ రెంచ్ తల పట్టేంత ఖాళీ మోడల్‌లోనే చూసుకోండి. చిప్పు పెట్టే కాపర్ బాక్సు లోపలి కొలతలు మీ ఇష్టానికి సర్దకూడదు. ఆ ఖాళీయే ఒక మైక్రోవేవ్ కావిటీ, అర మిల్లీమీటర్ తేడా వస్తే దాని అనునాదం క్యూబిట్ పౌనఃపున్యం దగ్గరికి జరగొచ్చు. మూలల వ్యాసార్థం కూడా డ్రాయింగ్ ప్రకారమే.

విజయవాడ ఆటోనగర్ వైపు ఏసీ, పైపింగు, ఎలక్ట్రికల్ పనులు చేసే బంధుమిత్రులుంటే వాళ్లకో మాట చెప్పండి, అమరావతిలో అసలు స్థానిక పని వాళ్లదే. పల్స్ ట్యూబ్ కంప్రెసర్ ఒక్కోటి సుమారు 10 నుంచి 13 కిలోవాట్లు తింటుంది, నిమిషానికి పది లీటర్ల అటూ ఇటూ నీళ్లు కావాలి, ఆ నీళ్లు 27, 28 డిగ్రీలు దాటకూడదు. కృష్ణా తీరపు ఎండల్లో, ఆ ఉక్కలో కూలింగ్ టవర్ ఒక్కటే పెడితే నీళ్లు 31, 32 దగ్గరే ఆగిపోతాయి, మే నెల మధ్యాహ్నం కంప్రెసర్ ట్రిప్ అవుతుంది. చిల్లర్ తప్పనిసరి, స్టాండ్‌బైతో సహా. బోరు నీళ్లు నేరుగా తిప్పితే సున్నం పట్టి హీట్ ఎక్స్ఛేంజర్ పూడిపోతుంది, మూసిన లూపులో డీఎం (ఖనిజాలు తీసేసిన) నీళ్లే తిప్పాలి. జనరేటర్ అందుకునే లోపు కంప్రెసర్ కొన్ని నిమిషాలు ఆగినా లోపలి మిశ్రమం వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది, దాన్ని ట్యాంకులోకి వెనక్కి లాగాల్సి వస్తుంది. అందులోని హీలియం-3 ట్రిటియం క్షయం నుంచి వచ్చే సరుకు, ఒక లీటరు గ్యాసుకే లక్షకు పైన ధర. మళ్లీ చల్లబరచడానికి ఒకటి రెండు రోజులు, పెద్ద మెషిన్లకి ఇంకా ఎక్కువ. వాల్వులకీ కంట్రోల్‌కీ యూపీఎస్ విడిగా ఉండాలని టెండర్‌లో రాయకపోయినా అడగాలి.

మన దగ్గర ఫ్రిజ్ పార్టులు చేయించుకోవాలన్న తొందర ఎందుకు పుట్టిందంటే, డబ్బు ఆదా ఒక్కటే కారణం కాదు. 2024 సెప్టెంబర్‌లో అమెరికా తెచ్చిన ఎగుమతి నిబంధనల్లో 34 క్యూబిట్ల నుంచి మొదలుపెట్టి, పొరపాటు రేటుని బట్టి కొన్ని మెషిన్లు, 0.1 కెల్విన్ దగ్గర 600 మైక్రోవాట్లు లేదా అంతకంటే ఎక్కువ చల్లబరిచే ఫ్రిజ్‌లు అదుపు జాబితాలోకి వచ్చాయి. లైసెన్సు ఆలస్యమైతే ప్రయోగం ఆగుతుంది. చిన్న బ్రాకెట్ కోసం విదేశీ కంపెనీకి ఆర్డరిచ్చి నెలల తరబడి కూర్చోవడం ఏ ల్యాబుకీ ఇష్టం ఉండదు. మీరు మూడు వారాల్లో ఇస్తే ధర కాస్త ఎక్కువైనా మీ దగ్గరికే వస్తారు.

మొదలుపెట్టే పద్ధతి: ముందు ఒక శాంపిల్ కిట్టు చేయండి. 100 మిల్లీమీటర్ల ఓఎఫ్‌హెచ్‌సీ ప్లేటు ఒకటి, దాని మీద ఎం3 కన్నాల గ్రిడ్, నికెల్ లేని బంగారం. మూతతో చిన్న చిప్పు బాక్సు ఒకటి. కన్నం వేసిన ఇత్తడి స్క్రూలు ఒక డజను. వాటితోపాటు మెటీరియల్ సర్టిఫికెట్, సీఎంఎం (కొలతల మెషిన్) రిపోర్టు, ఎక్స్ఆర్ఎఫ్ రిపోర్టు. కొలతలకి మీ పక్కనే బాలానగర్‌లో ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీ ఉంది. ఆ కిట్టు పట్టుకుని ప్రొఫెసర్ దగ్గరికి కాకుండా ఫ్రిజ్ రోజూ నడిపే పీహెచ్‌డీ విద్యార్థి దగ్గరికీ, వర్క్‌షాప్ ఇన్‌చార్జి దగ్గరికీ వెళ్లండి. ఏ పార్టు లేక పని ఆగిందో వాళ్లకే తెలుసు. చల్లబరిచి చూసి ఏం తేలిందో చెప్పమని అడగండి. ఆ ఒక్క పేజీ ఫలితం తర్వాతి పది ల్యాబుల దగ్గర మీకు చెల్లుతుంది.

కాగితాల సంగతి. ప్రభుత్వ సంస్థలు చాలావరకు జెమ్ పోర్టల్ ద్వారా కొంటాయి, ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంటే ఈఎండీ (టెండర్ డిపాజిట్) మినహాయింపు దొరుకుతుంది. ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సరుకు స్వీకరించాక గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. అయితే "స్వీకరించడం" అంటే ఏమిటో ఆర్డర్‌లో ముందే రాయించుకోండి. "ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి చూశాక" అని రాస్తే వాళ్ల ఫ్రిజ్ ఖాళీ అయ్యేదాకా, అంటే ఆర్నెల్లయినా, మీ బిల్లు కదలదు. కొలతలు, ఎక్స్ఆర్ఎఫ్, లీక్ టెస్ట్ పాసైతే స్వీకరించినట్టే అని ఉండాలి. చలి పరీక్షకి కావాలంటే పది శాతం పట్టి ఉంచుకోనివ్వండి.